నేను పైకి జరిపిన వరుస

ఆస్పత్రి, ల్యాబ్ పక్క గది
ఫిబ్రవరి 9

వదినగారికి నమస్కారం.

మీరు పంపిన పుస్తకం అందింది. రెండో అధ్యాయం అర్థమైందనుకున్నాను, మళ్లీ చదివితే కాలేదని తెలిసింది. నిదానంగా చదువుతాను. మీకున్న ఇన్ని పనుల మధ్యా గుర్తుపెట్టుకుని పంపినందుకు చాలా సంతోషం.

ఒక సంగతి అడగాలి. ఇది మిమ్మల్ని అడగాల్సినంతదా కాదా అని నాలుగు రోజులు ఆగాను.

ఇక్కడ రక్తం పరీక్షించే యంత్రం నుంచి అంకెలు ఒక కేబుల్ గుండా పక్కనున్న కంప్యూటర్‌కి వస్తాయి. ఆ కంప్యూటరే రిపోర్టులు అచ్చువేస్తుంది. అదే కంప్యూటర్‌లో, వేరే లాగిన్ కింద, పై అంతస్తు వార్డు వాళ్ల ప్రోగ్రాం కూడా నడుస్తుంది. పోయిన బుధవారం ఆరేళ్ల పాప రిపోర్టులో షుగర్ నాలుగువందల పన్నెండు అని వచ్చింది. రక్తం తీసే ఆవిడను ఇక్కడ అందరూ సూదమ్మ అంటారు. ఆవిడ ఆ కాగితం పట్టుకుని నా గదిలోకి వచ్చింది.

"ఏమండీ కంప్యూటరు గారూ, ఆ పిల్ల బెంచీ ఎక్కి గెంతుతోంది. ఈ షుగర్‌తో నేనైతే మంచం దిగను. మీ పెట్టెకి పిచ్చి గానీ పట్టిందా?"

"యంత్రం తప్పేమో."

"నా యంత్రాన్ని అన్నారంటే ఊరుకోను. అది మీలా కాదు, అడిగినదానికి జవాబు చెబుతుంది."

మళ్లీ పరీక్షిస్తే ఎనభై ఎనిమిది. పాపను ఇంటికి పంపారు. ఆ నాలుగువందల పన్నెండు ఎవరిదని వెతికాను. ల్యాబ్ ప్రోగ్రాంలో లేదు. వార్డు ప్రోగ్రాంలో ఉంది, పై అంతస్తులో చేరిన ఒక ముసలాయనది. ఒక లాగిన్‌లోని అంకె ఇంకో లాగిన్‌లోకి రాకూడదు కదా. ప్రోగ్రాం అమ్మిన కంపెనీవాళ్లని అడిగితే ప్రింటర్ మార్చమన్నారు.

నా దినచర్య పుస్తకం తిరగేశాను. రెండు నెలల్లో ఇలాంటి తేడా మూడుసార్లు వచ్చింది. సూదమ్మ రోజూ పదకొండింటికి యంత్రం తుడుస్తుంది. కంప్యూటర్ ఆపి కేబుల్ తీయాలి, కానీ ఆపడానికి పది నిమిషాలు పడుతుందని ఆవిడ ఆపకుండానే పీకేస్తుంది. చెప్పీ చెప్పీ విసిగి, చెప్పడం మానేసి రాసుకోవడం మొదలుపెట్టాను. తేడా వచ్చిన మూడు రోజులూ ఆవిడ అంకెలు వస్తుండగానే పీకింది.

ఇది ఏమీ కాకపోతే మీ సమయం పాడుచేసినందుకు మన్నించండి.

మీ మరిది


ఇంట్లో, మేడమీది గది
ఫిబ్రవరి 15

ఓ మరిదీ,

నాలుగు రోజులు ఆగావా? ఇంకోసారి ఆగావంటే మీ అన్నయ్యని బస్సెక్కించి పంపుతా, చెవి మెలిపెట్టి రమ్మని. నలభై ఆరేళ్లొచ్చాయి గనక రెండు చెవులూ.

నీ ఉత్తరం చదువుతూ టీ చల్లారబెట్టుకున్నాను. అది ప్రింటరూ కాదు, కంపెనీవాళ్ల ప్రోగ్రామూ కాదు. వాటన్నిటికీ అడుగున కూర్చుని ఎవరికెంత మెమరీ ఇవ్వాలో పంచిపెట్టే కెర్నెల్‌లోనే లోపం ఉండాలి. అలాంటి కేబుళ్లను నడిపే భాగం నేను చూసుకునేదే కాబట్టి ఇది తిన్నగా నా నెత్తిన పడింది. ఆ కెర్నెల్ నీ ఆస్పత్రి ఒక్కదానిలోనే లేదురా బాబూ. బ్యాంకుల్లో ఉంది, నీళ్ల పంపుల దగ్గర ఉంది, ఎక్కడెక్కడుందో రాసినవాళ్లకే తెలియదు.

ముందు ఆ కేబుల్‌ని ఎవరూ పీకకుండా బిగించెయ్. తరవాత నీ పుస్తకంలోని ఆ రోజుల పేజీలు నిమిషాలతో సహా ఎత్తి రాసి పంపు. ఇక ఈ మాట మెయిల్లో గానీ ఫోన్లో గానీ ఎత్తకు. సరిచేసే ప్యాచ్ చేతికి రాకముందే లోపం సంగతి బయటపడితే దొంగలకి దారి మనమే చూపించినట్టవుతుంది. అందుకే అది తయారయ్యేదాకా కెర్నెల్ చూసుకునే మాలో ఐదారుగురికి తప్ప తెలియనివ్వం. నీతో నాకు కాగితమే మేలు. మనకిది కొత్తేం కాదుగా. నేను కాపురానికొచ్చిన ఏడాది నువ్వు ఫ్యాన్లు బాగుచేసుకుంటూ, పక్కగదిలో ఉన్న నాకు "లూప్ అంటే ఏమిటి" అని చీటీ రాసి తలుపుకింద నుంచి తోసేవాడివి. నోటితో అడగడానికి సిగ్గట!

సూదమ్మకి నా నమస్కారం. ఆవిడ ఆ పిల్లని చూసింది గనక సరిపోయింది, అంకెని మాత్రమే చూసి ఉంటేనో?

వదిన


ఆస్పత్రి, ల్యాబ్ పక్క గది
ఫిబ్రవరి 22

వదినగారికి నమస్కారం.

మీరు నా మాట ఇంత తొందరగా నమ్ముతారనుకోలేదు. సంతోషం. సూదమ్మ ఆపకుండా పీకినట్టు రాసుకున్న ముప్పై ఒక్క రోజుల పేజీలూ ఎత్తి రాసి ఇందులో పెట్టాను. ఎర్ర సిరాతో ఉన్నవి ఆ మూడు రోజులు.

కేబుల్ మీద ఇనపపట్టీ వేసి రెండు మరలు బిగించాను. ఎందుకని సూపరింటెండెంటు గారు అడిగారు. పాడవుతోంది సార్ అన్నాను. సూదమ్మ అంత తేలిగ్గా వదల్లేదు.

"ఏంటిది, నా కేబుల్‌కి సంకెళ్లేశారు?"

"ఇకనుంచి ఆపి తుడవండి."

"పది నిమిషాలండీ! ఆ పది నిమిషాలూ మీరు కూర్చుంటారా నా రోగుల ముందు?"

కూర్చుంటానన్నాను. రోజూ పదకొండింటికి కూర్చుంటున్నాను. నన్ను డాక్టరనుకుని వాళ్ల జబ్బులన్నీ చెబుతున్నారు. వింటున్నాను. నిన్న ఒకావిడ, ఇంతసేపు విన్న డాక్టరుని చూడలేదని దణ్ణం పెట్టి వెళ్లింది.

పట్టీ వేసినా నమ్మకం కుదరక, రిపోర్టులన్నీ బయటికి వెళ్లేముందు యంత్రం తెరమీది అంకెలతో నేనే సరిచూస్తున్నాను. తేడా ఏమీ రాలేదు.

మీ మరిది


ఇంట్లో
మార్చి 12

మరిదికి,

నీ పేజీలతో సగం పని అయిపోయింది. లోపాన్ని మా దగ్గర తిరిగి పుట్టించగలిగాం. సోమవారం నేను సాదా లాగిన్‌తో కూర్చుని, నాలుగు నిమిషాల్లో మా పరీక్ష కంప్యూటర్ మొత్తానికి యజమానినయ్యాను. పాస్‌వర్డ్ కూడా అడగలేదు.

జరిగేది ఇది. కెర్నెల్ ఒక ప్రోగ్రాంకి మెమరీలో ఒక గది అద్దెకిస్తుంది. కేబుల్ పీకగానే ఆ గది ఖాళీ అయిందనుకుని ఇంకొకరికి ఇచ్చేస్తుంది. కానీ పాత మనిషి ఇంకా లోపలే ఉంటున్నాడు. కొత్తవాళ్ల సామాను చూడగలడు, మార్చగలడు కూడా. పాప రిపోర్టులోకి వచ్చిన అంకె అలా వచ్చిందే.

ఇలాంటివి చూసుకునే మా గుంపుకి పెద్దాయన ఒకరున్నారు. ఆయన ఏప్రిల్ 21 అని రోజు పెట్టారు. ఆరోజు అందరికీ ఒకేసారి ప్యాచ్ అందుతుంది.

ఎప్పటినుంచి ఉందంటే, చాలా పాతది. ఆ వివరం అంత ముఖ్యం కాదు. నువ్వు దాని వెంట పడకు. కనిపెట్టింది నువ్వు, ఆ మాట ప్యాచ్ కింద ఉంటుంది.

మీ అన్నయ్య మోకాలు నయం. ఎండలు మొదలయ్యాయి.

వదిన


ఆస్పత్రి, ల్యాబ్ పక్క గది
మార్చి 18

వదినగారికి నమస్కారం.

మీ ఉత్తరంలో ఒక్క వెక్కిరింత కూడా లేదు. ఇన్నేళ్లలో ఇలా రాయడం రెండోసారి. మొదటిది అమ్మ పోయినప్పుడు. అందుకని అటకమీద నుంచి పాత పుస్తకాలు దించాను.

తొమ్మిదేళ్ల కిందట ఆగస్టు 3న ఇలా రాసుకున్నాను: "కేబుల్ పీకితే కంప్యూటర్ బిగుసుకుపోవడం ఆగింది. కోడ్‌లో తాళం తీసే వరుసను రెండు వరుసలు పైకి జరిపాను. వదిన చూసి బాగుందన్నారు. ఇవాళ కెర్నెల్‌లో చేరింది." ఆరోజు అంతకుమించి ఏమీ రాయలేదు.

గది ఖాళీ చేయిస్తున్నంతసేపూ ఇంకెవరూ ముట్టుకోకుండా కెర్నెల్ తాళం వేసి ఉంచాలి. నేను గది ఖాళీ కాకముందే తాళం తీయించాను. దానితో బిగుసుకుపోవడం ఆగింది, ఆ సందులో ఇది దూరింది. కాగితం మీద మూడుసార్లు గీసి చూశాను. నా మార్పే.

నాకు బాధ లేదని రాస్తే మీరు నమ్మరు. పదో తరగతిలో బడి మానేసినవాణ్ని. ఇక్కడ ఉద్యోగానికి వచ్చినప్పుడు సర్టిఫికెట్లు ఏవని అడిగితే, ఆ మార్పునే అచ్చుతీసి ఇచ్చాను. ప్రపంచమంతా వాడే కెర్నెల్‌లో నీ రాత ఉందా అని సూపరింటెండెంటు గారు కళ్లద్దాలు తీసి చూశారు. ఆ కాగితం చూసే ఉద్యోగమిచ్చారు. ఇప్పటికీ నా ఫైల్లో ఉన్నది అదొక్కటే.

ప్రతి ప్యాచ్ కింద ఎవరు కనిపెట్టారు, ఎవరు పరీక్షించారు, ఏ పాత మార్పు వల్ల లోపం వచ్చింది అని వరుసగా రాయాలని నాకు నేర్పింది మీరే. ఆ ఆఖరి వరుస వదిలేయాలని మీకు అనిపిస్తోందని నా అనుమానం. వదిలేయవద్దు. నా మార్పు నంబరు రాయండి. నంబరు చూసినవాళ్లకి పేరు కనిపిస్తుంది, కనిపించనివ్వండి. ప్యాచ్ బయటికి వచ్చిన రోజే సూపరింటెండెంటు గారికి నేనే చెప్పుకుంటాను. ఆయన ఏమన్నా సరే.

దాచిపెట్టాలని చూసినందుకు నాకు కోపం లేదు. ఎందుకు చూశారో తెలుసు.

మీ మరిది


ఇంట్లో, మేడమీది గది
మార్చి 26

మరిదీ,

ఎందుకు చూశానో నీకు సగమే తెలుసు.

నీ మార్పు కింద నా పేరు కూడా ఉంది, గుర్తుందా? "పరీక్షించాను" అని. ఆరోజు ఏం జరిగిందో చెబుతాను విను. నీ మార్పు వచ్చింది. నాకెంత సంబరమంటే, మీ అన్నయ్య కొట్టుకి పరుగెత్తాను, ఆయన సైకిలు చక్రం ఊడదీసుకుని కూర్చుంటే చెయ్యిపట్టి లాగి, "మీ తమ్ముడు కెర్నెల్‌కి కోడ్ పంపాడండీ" అన్నాను. "పంపితే ఏమౌతుంది?" అన్నాడాయన. "నేను ఒప్పుకుంటే లోపలికెళ్తుంది" అన్నాను. "అయితే ఒప్పుకో, అడుగుతావేంటి!" అన్నాడు. తాళం తీసే వరుస అంత పైకి వెళ్లిందేమిటని ఒక్క క్షణం అనిపించింది. అలాంటి యంత్రం నా దగ్గర లేదు, తెప్పించుకుని పరీక్షించాలంటే రెండు వారాలు. నేను చదివి చూశానంతే. పరీక్షించానని రాసేశాను. నువ్వు సంతోషపడతావని.

కాబట్టి ఆ ఆఖరి వరుస వదిలేసింది నీ కోసమే కాదు. నీ పేరు కనిపిస్తే పక్కనే నా అబద్ధమూ కనిపిస్తుంది. నీ ఉత్తరం వచ్చేనాటికి ఆ వరుస లేకుండానే పెద్దాయనకి పంపేశాను. ఆయన ఫోన్ చేసి, "కింద ఒక వరుస తక్కువైందేంటమ్మా?" అన్నారు. నీ ఉత్తరం అప్పుడు నా ఒళ్లోనే ఉంది. ఉన్నదంతా చెప్పేశాను. ఆయన కాసేపు దగ్గి, "ఇద్దరి పేర్లూ ఉండనీ. నా పేరుమీద ఇలాంటివి పదకొండున్నాయి, ఎవరూ నన్నింకా ఉరితీయలేదు" అన్నారు.

రాశాను. నీ మార్పు నంబరు వేశాను. తేలికపడ్డాను రా. నువ్వు అలా రాయకపోతే నేను ఆయనకి ఏదో ఒక కథ చెప్పి ఉండేదాన్ని.

ప్యాచ్ పెన్‌డ్రైవ్‌లో పెట్టి మీ అన్నయ్యతో పంపుతున్నాను. ఈసారి పరీక్షించేది నువ్వు. చదివి చూడటం కాదు.

వదిన


ఆస్పత్రి, ల్యాబ్ పక్క గది
ఏప్రిల్ 6

వదినగారికి నమస్కారం.

అన్నయ్య క్షేమంగా వచ్చి వెళ్లాడు. గుమ్మంలోనే సబ్బుపెట్టె నా చేతిలో పెట్టాడు. "మీ వదిన దీన్ని బస్సులో గుండెలకి హత్తుకుని కూర్చోమంది. తెరిస్తే సబ్బు లేదు. మీరిద్దరూ కలిసి నన్ను స్మగ్లర్ని చేశారు కదరా" అన్నాడు. చెప్పకూడదు అన్నాను. "చెప్పకపోతే మానె, టీ అన్నా పొయ్యి" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ల్యాబ్ మూసి ఉంటుంది. స్టోరు గదిలోని విడి కంప్యూటర్‌లో ప్యాచ్ ఎక్కించి, రక్తం యంత్రానికి కలిపాను. అంకెలు వస్తుండగా పీకాలి. నా చేతికి ఆ ఒడుపు లేదు. పట్టీ విప్పి సూదమ్మని పిలిచాను.

"ఏంటీ, ఇప్పుడు పీకమంటున్నారా? నెలన్నర నన్ను దొంగని చూసినట్టు చూసి?"

"రెండువందల సార్లు పీకాలి."

"మీకు ఎండదెబ్బ తగిలిందండీ."

అన్నదే గానీ కుర్చీ లాక్కుని కూర్చుంది. పీకుతూ తన అత్తగారి గురించి చెప్పింది. నూట నలభై దగ్గర అత్తగారు అయిపోయి ఆడపడుచు మొదలైంది. రెండువందలకీ ఒక్క అంకె తప్పలేదు, ఒక్కసారి కూడా బిగుసుకుపోలేదు. పాత కెర్నెల్‌తో మళ్లీ పీకిస్తే తొమ్మిదోసారికే తప్పింది. అప్పుడావిడ అత్తగారి కథ ఆపేసి, "అయితే ఆ పాప..." అంది. అవునన్నాను. ఆవిడ కేబుల్‌ని బల్లమీద పెట్టింది. ఎవరికీ చెప్పనని తనంతట తానే అంది.

మీరు మీ సంగతి నాకు చెప్పనక్కరలేదు, అయినా చెప్పారు. మీరు ఆరోజు రెండు వారాలు ఆగి, కాదని ఉంటే నేను ఇంకో మార్పు పంపేవాణ్నో లేదో నాకు తెలియదు. అది కూడా నిజమే కనుక రాస్తున్నాను.

పరీక్షించాను అని నా పేరు రాయవచ్చు.

మీ మరిది


ఇంట్లో, మేడమీది గది
ఏప్రిల్ 22

మరిదీ, అయిపోయింది!

నిన్న పదింటికి బయటికి వెళ్లింది. సాయంత్రానికి పెద్దపెద్ద కంపెనీలవాళ్లందరూ తమ యంత్రాలకి ఎక్కించేశారు. ఎక్కడా ఏ దొంగా దీన్ని వాడిన జాడ లేదట. కింద నీ పేరు మూడుచోట్ల ఉంది చూసుకో: కనిపెట్టినవాడు, పరీక్షించినవాడు, చెడగొట్టినవాడు. ఒకే ప్యాచ్‌లో ముగ్గురూ ఒక్కడే అవడం తాను చూడలేదని పెద్దాయన మురిసిపోతున్నారు.

ఎవరూ తిట్టలేదు. ఒకరిద్దరు నన్ను "పరీక్షించకుండా రాశారటగా" అని అడిగారు. అవునన్నాను. అంతే. తొమ్మిదేళ్లు మోసింది ఇంతేనా అనిపించింది.

పెద్దాయన నిన్నొకటి అడగమన్నారు. ఆ భాగానికి వచ్చే కొత్తవాళ్ల మార్పుల్ని నాతోపాటు నువ్వూ చూసి, అవుననో కాదనో చెప్పాలట. "అక్కడ ఎలా చెడుతుందో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?" అన్నారు. మూగనోము పట్టకుండా జవాబు రాయి. ముందు మీ సూపరింటెండెంటు ఏమన్నారో అది రాయి. మీ అన్నయ్య, ఉద్యోగం పోతే సైకిలు కొట్లో సగం వాటా ఇస్తానంటున్నాడు. నీ పనితనం చూసి కాదు, జాలిపడి.

వదిన


ఆస్పత్రి, ల్యాబ్ పక్క గది
మే 27

వదినగారికి నమస్కారం.

జవాబు ఆలస్యమైంది. అన్నయ్య వాటా అక్కరలేదు, ఇస్తానన్నందుకు మాత్రం చాలా సంతోషమని చెప్పండి.

ప్యాచ్ బయటికి వచ్చిన రోజే దాన్ని అచ్చుతీసి సూపరింటెండెంటు గారి బల్లమీద పెట్టి నిలబడ్డాను. అంతా చెప్పాను. నేను అంతసేపు మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదు, మధ్యలో మంచినీళ్లిచ్చారు.

"అంటే మనల్ని ముంచబోయింది నువ్వే, తేల్చిందీ నువ్వే."

"అవును సార్."

"ఆ పిల్లకి ఇన్సులిన్ ఇచ్చి ఉంటే?"

జవాబు కోసం ఆయన ఆగలేదు. ఆ పాప వాళ్లమ్మని పిలిపించి ఉన్నదున్నట్టు చెప్పమన్నారు. చెప్పాను. ఆవిడ సూదమ్మ చేతులు పట్టుకుంది. తరవాత సూపరింటెండెంటు గారు నా ఫైలు తెప్పించి, పాత కాగితం మీద ఈ కొత్తది పెట్టి గుచ్చి, "ఇప్పుడు నిండింది" అన్నారు. వెళ్లి పని చూసుకోమన్నారు.

పెద్దాయన అడిగినదానికి సరే అని రాశాను. మొదటి మార్పు ఈ నెల 14న వచ్చింది. పంపింది ఎవరో ధాన్యం మిల్లులో పనిచేసే ఆవిడ, కంప్యూటర్‌కి కలిపే తూకం యంత్రం గురించి. మార్పు చక్కగా ఉంది. రాసిన తీరు చూస్తే సొంతంగా నేర్చుకున్న మనిషని తెలుస్తోంది. అవునని రాసేయాలని చెయ్యి లాగింది. అలాంటి తూకం నా దగ్గర లేదు.

బజారులో టోకు కూరగాయల కొట్టులో ఉందని తెలిసి, ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. కొట్టాయన నన్ను పైకీ కిందికీ చూశాడు.

"ఏమీ కొనవు, ఏమీ అమ్మవు. మరి ఏం తూస్తావయ్యా?"

"ఏదైనా."

"ఇదిగో ఈ గుమ్మడికాయ తూచుకో. అరిగిపోకుండా తిరిగివ్వు."

నాలుగు రోజులు సాయంత్రాలు గుమ్మడికాయ తూచాను. కొనడానికి వచ్చినవాళ్లు నన్ను చూసి నవ్వారు. మూడోరోజున తప్పు దొరికింది. ఒక తూకం పూర్తికాకముందే ఇంకోటి వస్తే అంకె రెట్టింపవుతోంది. ఆవిడకి కాదని రాశాను. ఎక్కడ తప్పుతోందో, ఎన్నోసారికి తప్పుతోందో రాశాను. ఆ ఎనిమిది వరుసలు రాయడానికి రెండు రోజులు పట్టింది. బాగుంది అన్న మాట కూడా రాశాను, బాగుంది కనుక.

నిన్న జవాబు వచ్చింది. ఇంతకు ముందు వేరే భాగాలకి పంపిన రెండు మార్పులకి ఎవరూ జవాబే ఇవ్వలేదట. "మీరు చదివారు, తూచి కూడా చూశారు. కాదన్నందుకు కృతజ్ఞతలు" అని రాసింది. కాదన్నందుకు ఒక మనిషి అలా రాయడం నాకు కొత్త.

సరిచేసి మళ్లీ పంపమని రాశాను. కొట్టాయన శనివారం దాకా తూకం వాడుకోనిస్తానన్నాడని కూడా రాశాను.

మీ మరిది